పారిజాతం అని చెప్పి రాత్‌రాణి అంటగట్టారు: బెంగళూరులో మొక్కలు కొనేవాళ్లకి జాగ్రత్త

సర్జాపూర్ రోడ్డు వైపు ఒక నర్సరీలో పారిజాతం మొక్క కొన్నాం. షాపు పేరు రాయడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో రెండు తెలుగు కుటుంబాలకి వేరే నర్సరీల్లో ఇదే అనుభవం అయిందని తెలిసి ఈ పోస్ట్ పెడుతున్నాను.

కుండీకి "నైట్ జాస్మిన్" అని చీటీ కట్టి ఉంది. పారిజాతమేనా అని అడిగితే "అదే సార్, దేవుడికి పెట్టేదే" అన్నాడు. 450 రూపాయలు. అప్పటికి మొగ్గ కూడా లేదు. వానలు మొదలయ్యాక పూసింది చూడండి, లేత ఆకుపచ్చ ఛాయలో సన్నటి గొట్టాల్లాంటి పూలు, రాత్రి బాల్కనీ తలుపు తీస్తే తలనొప్పి తెప్పించేంత ఘాటు వాసన. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు చూసి "ఇదేం పారిజాతం బాబూ, రాత్‌రాణి కదా" అని తేల్చేశారు. పారిజాతానికి తెల్లటి రేకులు, నారింజ రంగు కాడ ఉంటాయి. తెల్లారేసరికి పూలన్నీ కింద రాలి ఉంటాయి.

మొక్క వెనక్కి తీసుకెళ్తే యజమాని అన్న మాట: "నైట్ జాస్మిన్ అని రాశాం, నైట్ జాస్మినే ఇచ్చాం." తెలివంతా ఇక్కడే ఉంది. ఇంగ్లీషులో ఆ పేరు రెండు మొక్కలకీ వాడతారు. పారిజాతం శాస్త్రీయ నామం నిక్టాంథిస్ ఆర్బర్-ట్రిస్టిస్, మల్లె కుటుంబం. రాత్‌రాణి సెస్ట్రమ్ నాక్టర్నమ్, వంకాయ, ఉమ్మెత్తల కుటుంబం. పైగా ఇది విషపు మొక్క, దాని చిన్న తెల్లటి కాయలు మరీ ప్రమాదం. ఇంట్లో పసిపిల్లలున్నారని మేం ముందే చెప్పాం కూడా. బిల్లు తీసి చూపిద్దామంటే అందులో "ప్లాంట్ - 1" అని తప్ప ఇంకేం లేదు. డబ్బులు ఇవ్వలేదు. గులాబీ మొక్క ఇస్తానన్నాడు, వద్దన్నాను.

పూలు లేకపోయినా ఆకుని బట్టి పట్టుకోవచ్చు. పారిజాతం ఆకు ముట్టుకుంటే గరుకు కాగితంలా ఉంటుంది, ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, లేత కొమ్మ నలుపలకలుగా ఉంటుంది. రాత్‌రాణి ఆకు నున్నగా, పొడుగ్గా మెరుస్తుంది, ఒకటి విడిచి ఒకటి వస్తుంది. తొందర లేకపోతే దసరా రోజుల్లో పువ్వుతో ఉన్న మొక్కే కొనండి.

అదే షాపులో "హిమాలయన్ బ్రహ్మకమలం" అని ఇంకో బోర్డు. అసలు హిమాలయాల బ్రహ్మకమలం సాసురియా ఓబ్వల్లాటా, ఎత్తైన చలి కొండల మొక్క, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన బాల్కనీల్లో అర్ధరాత్రి పూసేది ఎపిఫిల్లమ్ ఆక్సీపెటాలమ్ అనే కాక్టస్, మెక్సికో వైపుది. అందమైన పువ్వే, కాదనను. ఆకు ముక్క గుచ్చితే వచ్చే మొక్కకి హిమాలయాల రేటు ఎందుకు కట్టాలి?

గన్నేరు అడిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. మామూలు గన్నేరు (నీరియం ఓలియాండర్), పచ్చగన్నేరు (కాస్కబెలా థెవీషియా) రెండూ ప్రాణం మీదికి తెచ్చేంత విషం. దేవగన్నేరు ప్లుమేరియా, బిళ్లగన్నేరు కాథరాంథస్ రోజియస్, అవి వేరే మొక్కలు.

అయితే పేరు తేడాగా కనిపించిన ప్రతిసారీ గొడవ పెట్టుకోకండి. సంపెంగని కొందరు పాత పేరుతో మిషేలియా చంపకా అని, కొందరు మాగ్నోలియా చంపకా అని రాస్తారు, రెండూ ఒకటే.

డబ్బు కట్టే ముందు బిల్లు మీద శాస్త్రీయ నామం రాయించుకోండి. "మాకు తెలీదు సార్" అంటే ఇంకో నర్సరీ చూసుకోవడమే. రాసిచ్చి కూడా వేరే మొక్క ఇస్తే ఆ బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.