పోర్ట్‌ఫోలియో షూట్‌కి 12,000 పెట్టాను, అందులో నాకు పని తెచ్చినవి మేకప్ లేని ఆరు ఫోటోలు

పోయిన నెల హైదరాబాద్ యూసుఫ్‌గూడలో రెండో అంతస్తులో ఉన్న ఒక చిన్న స్టూడియోలో పోర్ట్‌ఫోలియో షూట్, అంటే మోడలింగ్ పని అడిగేటప్పుడు చూపించే ఫోటోల షూట్, చేయించుకున్నాను. మోడలింగ్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు చాలామంది నన్ను అడుగుతున్నారు, ఎంతవుతుంది, ఎలా చేస్తారు, ఎన్ని మెసేజ్‌లు పెట్టినా ఫోటోగ్రాఫర్లు ఎందుకు పిలవట్లేదు అని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ముందు పాత సంగతి కొంచెం చెప్పాలి. రెండేళ్ల క్రితం ఒక ఏజెన్సీ వాళ్లు నా దగ్గర 35,000 కట్టించుకుని, ఒక్క రోజులో ఐదు డ్రెస్సులు మార్పించి, పెద్ద ఆల్బమ్ చేసి చేతిలో పెట్టారు. మొహం ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా ఉంది, కుడి చెంప మీద నాకున్న పుట్టుమచ్చ కూడా తీసేశారు. అప్పుడు నాకు అది గొప్పగానే అనిపించింది. ఆ ఫోటోలే అందరికీ పంపాను, ఎవరూ జవాబివ్వలేదు. చివరికి చీరల కేటలాగ్‌లు తీసే ఒకాయన రమ్మన్నారు, తీరా వెళ్తే ఆయన నన్ను చూసి, ఫోన్‌లో ఫోటో చూసి, మళ్లీ నన్ను చూసి "ఇది నువ్వేనా అమ్మా?" అన్నారు. ఇంటికి చేరేదాకా బస్సులో ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నాను.

ఈ స్టూడియోలో నాకు మొదట నచ్చింది, ఫోన్ చేయగానే అడ్వాన్స్ అడగలేదు. ఇంట్లోనే కిటికీ వెలుతురులో, ఖాళీ గోడ ముందు నిలబడి నాలుగు ఫోటోలు తీయించి పంపమన్నారు, మేకప్ వద్దు, జుట్టు వెనక్కి కట్టుకో, ఒంటికి అతికినట్టుండే సాదా టీషర్ట్ వేసుకో అని. తీసేవాళ్లు మొహం దగ్గరికి రాకూడదట, రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయాలట, ఎందుకంటే ఫోన్ కెమెరాని మొహానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు పడతాయి. మా తమ్ముడితో రెండు రకాలుగా తీయించి పక్కపక్కన పెట్టి చూశాను, ఒకే అమ్మాయి అంటే ఎవరూ నమ్మరు! ఇలాంటి ఫోటోల్ని డిజిటల్స్ అంటారు, పాతవాళ్లు పోలరాయిడ్స్ అంటారు. ఫోటోగ్రాఫర్ చూడాలనుకునేది ముందు వీటినేనని రెండేళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదు.

షూట్‌కి రెండు రోజుల ముందు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. థ్రెడింగ్ ఆ రోజు చేయించుకోవద్దు, ఎర్రగా కందిపోతుంది, రెండు మూడు రోజుల ముందే అయిపోవాలి. పొద్దున వదులుగా ఉండే బట్టలు వేసుకుని రావాలి, వాచీ పట్టీ, సాక్స్, లెగ్గింగ్స్ ఎలాస్టిక్ గుర్తులు ఒంటి మీద పడితే పోవడానికి గంట పడుతుంది. గోళ్లు శుభ్రంగా ఉండాలి, చర్మం రంగు లోదుస్తులు తెచ్చుకోవాలి. చివర్లో "తోడుగా ఎవరినైనా తీసుకురా అమ్మా, లోపలే కూర్చోవచ్చు" అన్నారు. ఆ ఒక్క మాటకి మా ఇంట్లో సగం టెన్షన్ పోయింది. తోడు ఎవరూ రావద్దనే చోటికి మాత్రం దయచేసి వెళ్లకండి.

మా అమ్మ వచ్చింది, తన పోచంపల్లి చీర కూడా తెచ్చింది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకి వచ్చిన అమ్మాయిలు పోచంపల్లి వెళ్లి మగ్గాలు చూసినప్పటి నుంచి అమ్మకి ఈ ఫీల్డ్ మీద భయం కొంచెం తగ్గింది.

మొదటి గంట డిజిటల్సే. ఎదురుగా, పక్కనుంచి, ముప్పావు వంతు మొహం కనపడేలా కొంచెం పక్కకి తిరిగి, వెనకనుంచి, నిలువెత్తు, ఒకటి నవ్వుతూ. తర్వాత తెల్ల షర్ట్ జీన్స్‌లో, చీరలో, ఒక గౌనులో. కెమెరాకి వైరు పెట్టి మానిటర్‌కి కలిపారు, తీసిన ప్రతి ఫోటో వెంటనే తెరమీద కనిపిస్తుంది, నేను అసలు నేర్చుకున్నది అక్కడే. పైట పట్టుకున్న నా చెయ్యి ప్రతి ఫోటోలో పిడికిలిలా ఉంది, నాకేమో మామూలుగానే పట్టుకున్నట్టు అనిపిస్తోంది. ఫోటోగ్రాఫర్ అన్న నా దగ్గరికి రాకుండానే, తన చెయ్యి ఎత్తి చూపించారు: బట్టని బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య ఊరికే ఆనించు, చూపుడువేలు వదిలెయ్, చేతి అంచు కెమెరా వైపు పెట్టు. తర్వాత ఊపిరి వదిలి, గడ్డం కిందకి కాకుండా కొంచెం ముందుకి తెమ్మన్నారు. తెరమీద చూస్తే మెడ పొడుగ్గా ఉంది, మొహంలో బిగుసుకుపోయినట్టు ఉండటం పోయింది. అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి చూసింది.

మధ్యలో టీ తాగుతూ, అసలు మీలాంటివాళ్లు మోడల్‌ని ఎలా ఎంచుకుంటారన్నా అని అడిగాను. పేర్లు కనపడకుండా తన ఇన్‌బాక్స్‌లోని కొన్ని మెసేజ్‌లు చదివి వినిపించారు. "హాయ్ సర్, ఛాన్స్ ఉంటే చెప్పండి", అంతే, ఎత్తు లేదు, కొలతలు లేవు, ఉండే ఊరు లేదు. ఆయనకి కావలసింది ఎత్తు, కొలతలు, చెప్పు సైజు, మేకప్ లేని రెండు ఫోటోలు, ఏ పని చేస్తావు ఏది చేయవు అనే మాట. ఇంకా ముందు ఆ ఫోటోగ్రాఫర్ ఏం తీస్తారో చూసుకుని రాయాలి, నగలు తీసేవాళ్లకి మెడ, చెవులు, వేళ్లు కనపడే ఫోటో పంపాలి, అక్కడ నా 5 అడుగుల 4 అంగుళాల ఎత్తుతో ఎవరికీ పెద్దగా పనిలేదు. ర్యాంప్‌కి అయితే ఎత్తు గట్టిగానే అడుగుతారు. కేటలాగ్ పనిలో రోజుకి ఎన్ని చీరలు పూర్తయ్యాయన్నదే లెక్క కాబట్టి టైముకి వచ్చి, త్వరగా మార్చుకుని, సాయంత్రం దాకా విసుగు లేకుండా నిలబడేవాళ్లనే మళ్లీ మళ్లీ పిలుస్తారట. ఈ మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే అందం నా చేతిలో లేదు గానీ ఇది ఉంది.

లోపాలూ ఉన్నాయి. బట్టలు మార్చుకునే గది మరీ ఇరుకు, ఫ్యాన్ లేదు, చెమటకి మేకప్ రెండుసార్లు సరిచేయాల్సి వచ్చింది. వారంలో ఇస్తామన్న ఫోటోలు పన్నెండు రోజులకి వచ్చాయి. చీర కట్టినావిడకి 800 వేరే ఇవ్వాలని ముందు చెప్పలేదు, ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది, అంత పద్ధతిగా పనిచేసేవాళ్లు ఈ మాట ముందే చెప్పాల్సింది.

ఎడిట్ చేసినవి 20 ఫోటోలు ఇచ్చారు, డిజిటల్స్ ఆరు ఏమీ మార్చకుండా ఇచ్చారు. చర్మం చర్మంలాగే ఉంది, పుట్టుమచ్చ ఉంది. ఆరు డిజిటల్సూ, కొలతలూ పెట్టి తొమ్మిది మందికి రాశాను, ముగ్గురు జవాబిచ్చారు. ఒకరితో కొలాబ్ షూట్ అయింది, ఇద్దరం డబ్బులు తీసుకోకుండా ఫోటోలు పంచుకున్నాం, అవి ఎక్కడెక్కడ వాడుకోవచ్చో కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం. ఇంకొకరు నగల షూట్‌కి చేతుల ఫోటోలు పంపమన్నారు, ఆ పని వచ్చే వారం.

ఇలాంటి స్టూడియోకి వెళ్లేవాళ్లు చీర కట్టే ఖర్చు కలిపారా లేదా అని ముందే అడగండి, ఆదివారం కాకుండా మామూలు రోజు పొద్దున స్లాట్ తీసుకోండి, ఒక చిన్న టేబుల్ ఫ్యాన్ కూడా పట్టుకెళ్లండి.