క్యాంపర్ వ్యాన్‌కి ఏ బ్యాటరీ: లెడ్ యాసిడా, లిథియమా?

రెండింటి మీదా 100 ఆంపియర్-అవర్ (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) అనే రాసి ఉంటుంది. తేడా వాడకంలో తెలుస్తుంది. లెడ్ యాసిడ్‌ని ప్రతిసారీ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది, అంటే నిజంగా చేతికొచ్చేది 50 మాత్రమే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో (ఇక్కడ లిథియం అంటే ఈ రకమే) 80 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఫ్రిజ్ సగటున 2 ఆంపియర్లు లాగుతుందనుకుంటే మొదటిది 25 గంటలు, రెండోది 40 గంటలు నడుపుతుంది. మబ్బు పట్టి సోలార్ పనిచేయని రోజున ఆ 15 గంటల విలువ తెలిసొస్తుంది.

ఛార్జింగ్‌లోనూ లిథియందే పైచేయి. లెడ్ యాసిడ్ చివరి 20 శాతం నింపుకోవడానికి గంటలు తీసుకుంటుంది, ఈలోగా పొద్దు వాలిపోతుంది. బరువు కూడా దాదాపు రెట్టింపు. నీళ్లు పోసే రకమైతే ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే పెట్టాలి.

మరి లిథియంకి లోపాలే లేవా? ఉన్నాయి. సున్నా డిగ్రీల కంటే చలిలో ఛార్జ్ చేస్తే లోపలి సెల్స్ శాశ్వతంగా దెబ్బతింటాయి. హీటర్ ఉన్న రకం కొనాలి, లేదా బ్యాటరీని వ్యాన్ లోపలే పెట్టాలి. పాత ఛార్జర్ సరిపోకపోవచ్చు. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా కలిపితే ఆ ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది, మధ్యలో కరెంటుని అదుపులో ఉంచే డీసీ-టు-డీసీ ఛార్జర్ తప్పనిసరి. ఈ అదనపు ఖర్చు చాలామంది మర్చిపోతారు.

ఎప్పుడూ కరెంటు ప్లగ్ ఉన్న క్యాంప్‌సైట్లలోనే ఆగేవాళ్లకి లెడ్ యాసిడ్ చాలు, అనవసరంగా డబ్బు పోయొద్దు. అడవి అంచునో కొండ మీదో వరసగా రెండు మూడు రాత్రులు ఉండేవాళ్లయితే నా ఓటు లిథియంకే.