పద్దు రాయడమా, ముందే తీసి పెట్టడమా, తర్వాత చూద్దామనడమా: హాయిగా బతకనిచ్చే పొదుపు ఏది?

పొదుపు చేయాలా, అనుభవించాలా అని అడిగితే ఎవరైనా రెండూ కావాలనే అంటారు. ఎంత మిగిల్చామన్నదానికన్నా ఎలా మిగిల్చామన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఒకే రాబడి, ఒకే మిగులు ఉన్న ఇద్దరిలో ఒకరు నిశ్చింతగా ఉంటారు, ఇంకొకరు ప్రతి ఖర్చుకీ మథనపడతారు. మిగిల్చే దారులు ముఖ్యంగా మూడు: ప్రతి ఖర్చూ రాసుకోవడం, రాబడి చేతికి రాగానే కొంత తీసి పక్కన పెట్టి మిగతాది లెక్క చూడకుండా వాడుకోవడం, ఇప్పుడు అన్నీ మానుకొని సరదాలను వాయిదా వేయడం. మూడూ కొంతకాలం చేసి చూశాను.

పద్దు పుస్తకంతో మొదలుపెడతాను. ఇది కొత్తదేమీ కాదు. 1904లోనే జపాన్‌లో హని మొతొకో అనే పత్రికా రచయిత్రి ఇంటి ఖర్చులు రాసుకోవడానికి ఒక పద్దు పుస్తకాన్ని అచ్చు వేయించింది. 'కకేబో' అనే ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. రాయడం వల్ల మేలు నిజమే. మొదటి రెండు నెలల్లోనే, వాడకపోయినా నెలనెలా డబ్బు కట్టించుకుంటున్న చందాలు నాకు మూడు బయటపడ్డాయి. చిక్కు నాలుగో నెలలో మొదలైంది. పుస్తకం బల్ల మీద నుంచి నా బుర్రలోకి చేరింది. స్నేహితులతో బయటికి వెళ్తే వాళ్ల మాటలు సగమే వినిపించేవి, మిగతా సగం బుర్ర కూడికలు చేస్తూ ఉండేది. సాయంత్రం బాగానే గడిచింది కదా అంటే, 'బాగానే ఖర్చయింది' అని నోటికొచ్చేది.

ఎందుకిలా అవుతుందో 2008లో స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టైన్ ప్రచురించిన పరిశోధన చదివాక అర్థమైంది. బయటికి పొదుపరీ పిసినారీ ఒకేలా కనిపిస్తారు. లోపల మాత్రం పొదుపరికి మిగల్చడంలో సంతోషం ఉంటుంది, పిసినారికి ఇవ్వడంలో నొప్పి ఉంటుంది. ఆ నొప్పి వల్ల తనకు నిజంగా కావలసినదానికి కూడా అతని చెయ్యి రాదు. చేతిలో డబ్బు నిలవనివాళ్లకు ఈ నొప్పి బొత్తిగా తక్కువ. పద్దు రాయడమంటే ఆ నొప్పిని పెంచడమే. చెయ్యి జారేవాళ్లకు అది మందు. నాలాగా ముందే పిడికిలి బిగించి ఉన్నవాళ్లకు అదే మందు వికటిస్తుంది. కాబట్టి 'అందరూ ఖర్చులు రాసుకోవాలి' అనే సలహాను నేను ఒప్పుకోను.

రెండో దారికి రుజువు గట్టిగానే ఉంది. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్‌జీ అనే ఆర్థికవేత్తలు ఉద్యోగుల కోసం ఒక పథకం తయారు చేశారు. ఇప్పుడు జీతంలోంచి ఏమీ కోయరు, జీతం పెరిగినప్పుడల్లా ఆ పెంపులో కొంత దానంతటదే పొదుపులోకి వెళ్లేట్టు ముందే ఒప్పుకోవాలి. 2004లో వాళ్లు ప్రచురించిన ఫలితం ప్రకారం, చేరినవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. చేతికొచ్చే జీతం ఎప్పుడూ తగ్గలేదు కాబట్టి ఏదో పోగొట్టుకున్నామన్న బాధ లేదు. నాకు నచ్చింది ఇదే: నిర్ణయం ఒక్కసారి, ఆ తర్వాత మిగిలినదాన్ని దర్జాగా ఖర్చు పెట్టుకోవచ్చు.

లోపాలు లేవని కాదు. రాబడి నెలకో తీరుగా ఉండేవాళ్లు ఇంత మొత్తం అని కాకుండా ఇంత శాతం అని పెట్టుకోవాలి. ఎక్కువ వడ్డీ అప్పు ఉంటే ముందు అది తీర్చాలి. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము ఎంతకాలంలో రెట్టింపవుతుందో దాదాపుగా తెలుస్తుంది. నెలకు 3 శాతం చొప్పున పేరుకునే అప్పు 24 నెలల్లో రెట్టింపవుతుంది. దాన్ని అలా ఉంచి పక్కన పొదుపు చేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఇక వాయిదా పద్ధతి. దీన్ని వెనకేసుకొచ్చేవాళ్లు ముందుగా చక్రవడ్డీ లెక్కే చూపిస్తారు. ఏటా 8 శాతం చొప్పున పెరిగే 100 రూపాయలు, 36 ఏళ్లలో దాదాపు 1,600 అవుతుంది. ఇది వింటే ఈరోజు ఏ సరదా చేసుకున్నా పాపమే అనిపిస్తుంది. కానీ అదే కాలంలో ధరలు ఏటా 5 శాతం పెరిగితే ఆ 1,600తో కొనగలిగేది ఇప్పటి 276 విలువే. పదహారు రెట్లు కాస్తా మూడు రెట్ల లోపుకి దిగిపోయింది. తక్కువేమీ కాదు, అయితే పాతికేళ్ల వయసులో ఉన్న మోకాళ్లను, ఇంకా బతికి ఉన్న అమ్మానాన్నలను దానికోసం తాకట్టు పెట్టేంత ఎక్కువ కూడా కాదు.

రాన్ కివెట్జ్, అనత్ కైనన్ 2006లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ గుర్తుకొస్తుంది. పనికీ సరదాకీ మధ్య ఒకటి ఎంచుకోవాల్సిన సందర్భం గురించి అడిగితే, అది మొన్నటిదైనప్పుడు సరదా ఎంచుకున్నందుకు జనం నొచ్చుకున్నారు. ఏళ్ల కిందటిదైనప్పుడు మాత్రం సరదా వదులుకున్నందుకే ఎక్కువ నొచ్చుకున్నారు. అపరాధ భావం త్వరగా చల్లారుతుంది, వెలితి అలా చల్లారదు.

అయినా ఈ దారిని పూర్తిగా కొట్టిపారేయను. ఇంటి కోసమో చదువు కోసమో రెండు మూడేళ్లు బిగబట్టడం వేరు. దానికి ఒక తేదీ ఉంటుంది. తేదీ లేని వాయిదాతోనే భయం. ముప్పై ఏళ్లు వద్దు వద్దని అలవాటు పడిన మనసు, పదవీ విరమణ మర్నాడు సరే అనడం నేర్చుకోదు.

మరి ఏది మేలు? నెలాఖరుకు డబ్బు ఎటు పోయిందో తెలియనివాళ్లు మూడు నెలలు పద్దు రాసి, తర్వాత పుస్తకం మూసి రెండో దారికి రావాలి. బిగింపు మనుషులు నేరుగా రెండో దారికే రావచ్చు, దానికి ఒక చేర్పుతో: పొదుపుకి తీసినట్టే సరదాకి కూడా కొంత ముందే తీసి పెట్టి, ఏడాది తిరిగేలోపు ఖాళీ చేయాలి. మిగిలితే పొదుపులో కలపకూడదు. కలిపే వీలుంటే కలిపేస్తాం, నాకు తెలుసు. పోయినేడు నా సరదా పద్దులో సగం అలాగే ఉండిపోయింది. ఈసారి దాన్ని ఖాళీ చేసే బాధ్యత మా ఆవిడకి అప్పగించాను. ఆమె ఇప్పటికే టికెట్లు కొనేసింది, ఎంతయిందో నాకు చెప్పలేదు.