అన్యభాషల సంగతి తేల్చుకోవడానికి తెలుగు రిఫరెన్సు బైబిలు ఎంతవరకు పనికొస్తుంది?

అన్యభాషల మీద, అంటే పరిశుద్ధాత్మ ప్రేరణతో తాము నేర్చుకోని భాషల్లో మాట్లాడటం మీద, మాట వచ్చిందంటే తెలుగు సంఘాల్లో ఎక్కువమంది తెరిచేది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి ‘పరిశుద్ధ గ్రంథము’, పాత అనువాదమే. ఆ వరం ఇప్పటికీ ఉందనే పెంతెకొస్తువారూ, అది ఆగిపోయిందని ఎక్కువగా చెప్పే బ్రదరెన్‌వారూ ఇందులోంచే వచనాలు చూపిస్తారు. దాని రిఫరెన్సు ప్రతిని, అంటే ఒక వచనానికి సంబంధించిన వేరే వచనాలను సూచించే ప్రతిని, ఈ ఒక్క విషయం వరకే ఇక్కడ పరిశీలిస్తున్నాం. కొనదగిన పుస్తకమే, కానీ రెండు మూడు చోట్ల ఆగి చదవకపోతే తప్పు అర్థం తలకెక్కుతుంది.

మొదట అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం తీయండి. కొత్త నిబంధన మూలభాష గ్రీకులో ‘గ్లోస్సా’ అనే మాటకు నోట్లోని నాలుక అనీ అర్థమే, భాష అనీ అర్థమే. 3వ వచనంలో ‘అగ్నిజ్వాలలవంటి నాలుకలు’, 4వ వచనంలో ‘అన్యభాషలతో’ అని తెలుగులో రెండు మాటలు కనిపిస్తాయి. మూలంలో రెండుచోట్లా ఉన్నది గ్లోస్సాయే. నిప్పు నాలుకలు దిగిన మరుక్షణం మనుషుల నాలుకలు కదిలాయన్న ఆ లంకె తెలుగులో జారిపోయింది. దానికి అనువాదకులను తప్పుపట్టలేం, మన భాషలో ఈ రెంటికీ ఒకే మాట లేదు. 6వ వచనంలో ‘స్వభాష’ అన్నచోట గ్రీకు మాట వేరు, ‘దియాలెక్టోస్’. దాన్ని వేరే మాటతోనే తెలిగించారు. యెరూషలేములో పెంతెకొస్తు పండుగ రోజున శిష్యులు పలికినవి వినేవాళ్ళకు తెలిసిన భాషలని ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికకు (మొదటి కొరింథీయులకు) వచ్చేసరికి సంగతి మారుతుంది. 14వ అధ్యాయం 2వ వచనంలో ‘మనుష్యుడెవడును గ్రహింపడు’ అని ఉంది. యెరూషలేములో విన్నవాళ్ళకు అర్థమైంది, కొరింథులో అర్థం చెప్పేవాడు కావలసివచ్చింది. ‘అన్యభాషలు’ అని మనం వాడుకగా అనేస్తాం గానీ, ఈ అధ్యాయంలోని నియమాల్లో ఈ అనువాదంలో ఉన్నది ఉత్త ‘భాషతో మాటలాడువాడు’ అనే. పాత ఇంగ్లీషు కింగ్ జేమ్స్‌లో ‘తెలియని’ అనే విశేషణాన్ని ఏటవాలు అక్షరాల్లో చేర్చారు, మనవాళ్ళు మూలానికి ఏమీ కలపలేదు. ఇది ఈ అనువాదంలో మెచ్చుకోవలసిన గుణం. ఫోన్ యాప్‌లో వెతికేవాళ్ళు మాత్రం జాగ్రత్త. ‘అన్యభాష’ అని కొడితే ముఖ్యమైన అధ్యాయం దాదాపు అంతా తప్పిపోతుంది. ‘మాట్లాడు’ అని కొట్టినా దొరకదు, ఇందులో ఉన్నది ‘మాటలాడు’. ఉత్త ‘భాష’ అని వెతికి, వచ్చినవాటిలోంచి ఏరుకోవాలి.

అసలు చిక్కు 13వ అధ్యాయం 8వ వచనంలో ఉంది: ‘భాషలైనను నిలిచిపోవును’. బండి నిలిచిపోయింది అంటే ఆగిందని, పేరు నిలిచిపోయింది అంటే చిరకాలం ఉందని. పైగా దీని ముందే ‘ప్రేమ శాశ్వతకాలముండును’ అని ఉండటంతో, భాషలు కూడా శాశ్వతమే కాబోలు అనుకునే వీలుంది. గ్రీకు క్రియకు అర్థం ఆగిపోవడమే. ఎప్పుడు ఆగుతాయన్నదే రెండు పక్షాల మధ్య తగాదా. 10వ వచనంలోని ‘పూర్ణమైనది’ అంటే లేఖనాలు పూర్తికావడమని బ్రదరెన్ బోధకులు చాలామంది, క్రీస్తు రాకడ అని పెంతెకొస్తువారు చెబుతారు. 12వ వచనంలోని ‘ముఖాముఖిగా చూతుము’ అన్న మాటతో కలిపి చదివితే రెండో అర్థమే బలంగా నిలుస్తుందని మా అభిప్రాయం.

ఆచరణకు కావలసిందంతా 14వ అధ్యాయం 27, 28 వచనాల్లో ఉంది. ఇద్దరు, మరీ అవసరమైతే ముగ్గురు, అదీ వంతులచొప్పున. ఒకడు అర్థం చెప్పాలి. చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనం, ‘తనతోను దేవునితోను’ మాట్లాడుకోవచ్చు. ‘అనువదించు’ అనకుండా ‘అర్థము చెప్పు’ అనడం చక్కగా కుదిరింది, మాటకు మాట అప్పజెప్పనక్కరలేదని తెలుస్తుంది. 2, 4 వచనాలు కంఠతా పట్టి ఈ రెండు వచనాలూ వదిలేసినచోటే మైకుల ముందు అందరూ ఒకేసారి అరవడం మొదలవుతుంది. అలాగే ‘ఆ ఆత్మ వారికి వాక్‌ శక్తి అనుగ్రహించిన కొలది’ అన్న మాట అపొస్తలుల కార్యములలో ఉండగా, ‘హల్లెలూయ’ను గబగబా పలికించి నాలుక తడబడేలా చేసి భాషలు వచ్చాయనడం వాక్యానికి విరుద్ధం. భాషలు అసలు వద్దనేవాళ్ళకూ మొదటి కొరింథీయులకు 14వ అధ్యాయం 39వ వచనం అడ్డుపడుతుంది: ‘ఆటంకపరచకుడి’.

రిఫరెన్సు ప్రతికి పెట్టే అదనపు డబ్బు అదే అధ్యాయం 21వ వచనం దగ్గరే గిట్టుబాటవుతుంది. అక్కడి నుంచి యెషయా 28:11, 12కి వెళ్ళండి. ప్రవక్త మాట వినని జనానికి పరభాషవాళ్ళ చేత బుద్ధి చెప్పిస్తానన్న హెచ్చరిక అది. అది చదివాకే ‘భాషలు విశ్వాసులకు కాదు అవిశ్వాసులకే సూచకమైయున్నవి’ అన్న 22వ వచనం కొరుకుడు పడుతుంది.

కొనేటప్పుడు జిప్పు అట్ట, బంగారు అంచు చూసి మురిసిపోకండి. కొరింథీయులకు 14వ అధ్యాయం తీసి, వచనాల అంకెలూ అడుగు గమనికల సన్నక్షరాలూ మామూలు దీపం వెలుతురులో కనిపిస్తున్నాయా లేదా చూడండి. కాగితం పలచన కాబట్టి పెన్సిలే వాడాలి, ఇంకు అవతలి పేజీకి దిగుతుంది. ఇందులో వ్యాఖ్యానం ఉండదు, కొరింథు పట్టణం సంగతులు తెలుసుకోవాలంటే వేరే పుస్తకం చూసుకోవాలి.