పాజిట్రానిక్ మెదడు, ఐసోలీనియర్ చిప్పు, జెల్ ప్యాకు: ఏది మేలు?

ఈ మూడూ సైన్స్ ఫిక్షన్ కథల్లోని కల్పిత కంప్యూటర్ భాగాలు. రోబోకైతే పాజిట్రానిక్ మెదడు, అంతరిక్ష నౌకకైతే ఐసోలీనియర్ చిప్పులు. జెల్ ప్యాకుల జోలికి పోకపోతేనే మంచిది. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళు వీటిని వేగంతోనో మెమరీతోనో కొలిస్తే లాభం లేదు. చెడితే ఎలా చెడుతుంది, ఎవరు బాగుచేయగలరు అన్నదే అసలు లెక్క.

అంకెల సంగతి ముందే తేల్చేద్దాం. స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్‌లో డేటా అనే ఆండ్రాయిడ్‌కి (మనిషి రూపంలోని రోబోకి) 800 క్వాడ్రిలియన్ బిట్ల నిల్వ, సెకనుకి 60 ట్రిలియన్ లెక్కల వేగం అని 1989 నాటి ఎపిసోడ్‌లో చెప్పారు. ఆ నిల్వ 100 పెటాబైట్లు, ఇప్పటికీ పెద్దదే. వేగాన్ని మాత్రం ఇవాళ్టి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డులే దాటేశాయి. మన 'రోబో'లో చిట్టికి ఏకంగా ఒక జెట్టాబైటు ఇచ్చారు, డేటాకి పదివేల రెట్లు! స్టార్ ట్రెక్ నౌకల్లో వాడే ఐసోలీనియర్ చిప్పుల కొలత 'క్వాడ్'. క్వాడంటే ఎన్ని బిట్లో చెప్పనే లేదు, తెలివైన పని.

పాజిట్రానిక్ మెదడు సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ సృష్టి. ప్లాటినం-ఇరిడియంతో చేసిన, స్పాంజిలాంటి గోళం. సైజు మనిషి మెదడంత. ఎలక్ట్రాన్ లాంటిదే కానీ ధనావేశం ఉన్న కణమైన పాజిట్రాన్ 1932లో బయటపడింది కాబట్టి 1940ల కథలకి అది కొత్త సరుకు. నిజానికి పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌ని తాకితే రెండూ పోయి, ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు మిగులుతాయి. ఆస్పత్రుల్లో పెట్ స్కాన్ యంత్రం పట్టుకునేది వాటినే. లోహం నిండా ఎలక్ట్రాన్లే ఉంటాయి కనుక ఆ మెదడులో పాజిట్రాన్లు క్షణం కూడా నిలవవు.

అయినా రోబోకి దీన్నే ఎంచుకోమనడానికి కారణం, ఇది చెడే తీరు. ఇందులో అసిమోవ్ రోబోలు పాటించే మూడు సూత్రాలు రాతలు కావు, ఒకదాన్నొకటి లాగే బలాలు. 1942 నాటి బుధగ్రహం కథే చూడండి. సెలీనియం తెమ్మని స్పీడీ అనే రోబోని పంపారు. పెద్దగా నొక్కి చెప్పలేదు కాబట్టి ఆజ్ఞ పాలించాలనే రెండో సూత్రం పట్టు తక్కువ. ఖరీదైన రోబో కనుక తనను తాను కాపాడుకోవాలనే మూడో సూత్రాన్ని ఫ్యాక్టరీలోనే పెంచారు. సెలీనియం దగ్గర ప్రమాదం ఉంది. దగ్గరికెళ్తే మూడోది వెనక్కి నెడుతుంది, దూరం జరిగితే రెండోది ముందుకు లాగుతుంది. రెండూ సరితూగిన చోట స్పీడీ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. చివరికి ఒక మనిషి కావాలనే ప్రాణాపాయంలోకి వెళ్ళి, మనిషికి హాని జరగనివ్వకూడదనే మొదటి సూత్రాన్ని తట్టి లేపాడు. పనిముట్టు ముట్టకుండానే రిపేరు అయిపోయింది. ఇలాంటి కథ రాసేటప్పుడు ఏ సూత్రానికి ఎంత బలమో ముందే చెప్పెయ్యాలి, లేకపోతే పరిష్కారం మోసంలా కనబడుతుంది.

నౌకకి ఇదే మెదడు పెడితే ఇబ్బంది. హైపర్‌స్పేస్ గెంతులో (నక్షత్రాల మధ్య దూరాన్ని ఒక్కసారిగా దాటేటప్పుడు) మనుషులు కాసేపు చనిపోయి తిరిగి బతుకుతారని తేలగానే, అసిమోవ్‌దే ఇంకో కథలో నౌకను డిజైన్ చేసిన పాజిట్రానిక్ యంత్రానికి మొదటి సూత్రం అడ్డొచ్చింది. ఆ ఒత్తిడికి చిలిపితనం మొదలై, నౌకలో తిండికి చిక్కుడు గింజలు, పాలు మాత్రమే పెట్టింది. ప్రాణాల మీది నిర్ణయాలు పదేపదే తీసుకోవాల్సిన చోట ఇది నెగ్గుకురాదు.

ఐసోలీనియర్ చిప్పు చేత్తో లాగి చేత్తో పెట్టేది. 1987లో వచ్చిన ఎపిసోడ్‌లో మత్తెక్కినట్టున్న ఇంజినీరు ఒకడు కంట్రోల్ చిప్పులన్నీ పీకి కుప్పేస్తే, డేటా కూర్చుని వరసగా పెట్టేశాడు. లోపం కళ్ళకి కనిపిస్తుంది, విడిభాగం మార్చితే చాలు. అరకి తాళం లేకపోవడమే తప్పు.

జెల్ ప్యాకులో ఉండేది జీవకణాల ద్రవం. మామూలు సర్క్యూట్ల కంటే చురుకైనదే, కానీ దానికి రోగాలొస్తాయి. 1995లో మొదలైన 'వాయేజర్' అనే స్టార్ ట్రెక్ సీరియల్‌లో, అదే పేరున్న నౌక వంటగదిలో చేసిన చీజ్‌లోని సూక్ష్మజీవులు ప్యాకులకి అంటుకున్నాయి. జ్వరం తెప్పించినట్టు వాటిని వేడిచేసి నయం చేయాల్సొచ్చింది. పైగా ఓడలో కొత్తవి తయారుకావు, ఇల్లు, అంటే భూమి, 70,000 కాంతి సంవత్సరాల దూరం. దగ్గరి ప్రయాణాలకైతే సరే, అదీ వంటగదికి వేరే గాలిగొట్టం పెట్టి.