మొఘల్ చిత్రాల్లో ఆకుపచ్చ: మాలకైటా, రాగి చిలుమా?

మొఘల్ గ్రంథచిత్రాల ఆకుపచ్చకు మాలకైట్ అనే పచ్చటి రాగి ఖనిజం, రాగి చిలుము రెండూ వాడారు. కలకాలం నిలవాల్సిన బొమ్మకైతే నిస్సందేహంగా మాలకైటే మేలు.

ఆ రాయిని దంచి, నూరి, నీళ్లలో తేర్చి మలినాలు తీసేయాలి. పలుకు కాస్త ముతకగా ఉంటేనే రంగు చిక్కగా వస్తుంది. మరీ మెత్తగా నూరితే వెలవెలబోతుంది. రంగు కాగితానికి అంటుకోవడానికి కలిపే తుమ్మబంక తగ్గితే పొడిపొడిగా రాలుతుంది, ఎక్కువైతే పెళుసెక్కి పగులుతుంది.

చిలుము తయారీ తేలిక: రాగిరేకులకు వెనిగర్ ఆవిరి పట్టించి గీకేయడమే. నిగారింపూ బాగుంటుంది. కానీ అది కాగితాన్ని తినేస్తుంది. ముందు పచ్చదనం గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత పేజీ వెనక్కి మరక దిగుతుంది, చివరికి రంగు పూసిన మేరకు కాగితం విరిగి ఊడిపోతుంది. చుట్టూ అంచుగీతలు దీంతో గీస్తే బొమ్మ చట్రం నుంచే విడిపోవచ్చు. తేమ తగిలితే మరీ వేగం. ఇరాన్ చిత్రకారులు కొందరు ఇందులో కుంకుమపువ్వు కలిపేవారు. దాంతో ఆ తినివేత నెమ్మదిస్తుంది.