వాడిన పిస్టల్ కొనేవాళ్ళకు హెచ్చరిక: ముందు మ్యాగజైన్లు చూడండి

డల్లాస్ దగ్గర వాడిన పిస్టళ్ళు అమ్మే ఆ షాపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. అక్కడ 45 క్యాలిబర్ 1911 మోడల్ పిస్టల్ ఒకటి తీసుకున్నాను. పాతదైనా బాగా చూసుకున్నారు, ఎక్కడా ఆగదు అని చెప్పి అమ్మారు. షూటింగ్ రేంజికి తీసుకెళ్తే మొదటి మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలో పెట్టే డబ్బా) కూడా పూర్తి కాలేదు. రౌండు, అంటే తూటా, ముక్కు కిందికి దిగి చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఎక్కదు, లేదంటే పేలిన ఖాళీ కేసు బయటికి పడకుండా, కాల్చినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే పై భాగమైన స్లైడ్‌లో ఇరుక్కుని పొగగొట్టంలా నిలబడుతుంది.

తిరిగి షాపుకి తీసుకెళ్ళాను. కౌంటర్ మీద ఉన్నవాడు పిస్టల్ చేతిలోకి కూడా తీసుకోలేదండీ. నలుగురు కస్టమర్లు, పక్కన నా భార్య, అందరి ముందూ "నీ మణికట్టులో బలం లేదు, ముందు పట్టుకోవడం నేర్చుకో" అన్నాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. చెయ్యి వదులుగా ఉంటే జామ్ అవుతుంది, నిజమే, చేత్తో పట్టుకునే కింది భాగం, అంటే ఫ్రేమ్, గట్టిగా నిలవకపోతే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళదు. కానీ చూడకుండానే తప్పు కొన్నవాడి మీదికి తోసేయడం ఏం వ్యాపారం?

రేంజిలో ట్రైనింగ్ ఇచ్చే పెద్దాయన తన చేత్తో కాల్చి చూశారు. ఆయనకీ అలాగే ఆగింది. విప్పి చూపించారు. మ్యాగజైన్ పైన రౌండుని పట్టి ఉంచే అంచులు విచ్చుకుపోయాయి, లోపలి స్ప్రింగ్ నీరసించింది, అందుకే రౌండు సరైన కోణంలో పైకి రావట్లేదు. ఇక ఎక్స్‌ట్రాక్టర్, అంటే పేలిన కేసుని చాంబర్ నుంచి బయటికి లాగే కొక్కెం. 1911లో దానికి వేరే స్ప్రింగ్ ఉండదు, ఆ ఉక్కు ముక్కే వంగి కేసుని పట్టుకోవాలి. స్లైడ్ విప్పి ఖాళీ కేసుని దాని కింద పెడితే నిలవాలి, నాది జారి కింద పడింది. ఐదంగుళాల బ్యారెల్ ఉన్న 45కి మామూలుగా 16 పౌండ్ల రీకాయిల్ స్ప్రింగ్ (వెనక్కి వెళ్ళిన స్లైడ్‌ని మళ్ళీ ముందుకు తోసేది) వేస్తారు, ఇందులోది ఎప్పుడు మార్చారో తెలియనంత అరిగిపోయింది. ఇవన్నీ షాపువాడు ఒక్కసారి విప్పితే కనిపించేవే. మళ్ళీ వెళ్ళి అడిగితే బిల్లు మీద "ఉన్నది ఉన్నట్టు అమ్మకం" అని రాసి ఉన్న లైన్ మీద వేలు పెట్టి చూపించాడు, అంతే, డబ్బు రాలేదు.

కొత్త మ్యాగజైన్లు, స్ప్రింగ్ వేసి, ఎక్స్‌ట్రాక్టర్ సరిచేయించాక ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. కానీ అక్కడ మాత్రం కొనకండి. ఎక్కడ కొన్నా, రేంజి ఉన్న చోటైతే డబ్బు కట్టేముందు కాల్చి చూస్తామని అడగండి. మ్యాగజైన్లకు నంబర్లు వేసుకోండి, జామ్ ఎప్పుడూ ఒకే దానితో వస్తుంటే దాన్ని పక్కన పడేయండి. స్లైడ్ పట్టాలకు కాస్త నూనె చాలు, చాంబర్ మాత్రం పొడిగా ఉంచండి. హాలో పాయింట్ (ముక్కు దగ్గర గుంట ఉండే తూటాలు) వాడేవాళ్ళు అదే రకం రౌండ్లు మీ పిస్టల్‌లో కాల్చి చూసుకోండి, ఈ మోడల్ పుట్టింది గుండ్రటి ముక్కు రౌండ్ల కోసం. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. శబ్దం మామూలు కంటే తక్కువగా వస్తే ఇంకో రౌండు అస్సలు కాల్చకండి, బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు. అక్కడే ఆపి రేంజి వాళ్ళని పిలవండి.